పిన్ని దిగని ఫోటో

మన భాషలో ఫోటో తీయించుకోవడాన్ని దిగడం అంటారు. ఆ మాట మొదట ఎవరికి తోచిందో గానీ, నా చిన్నతనమంతా దాని చుట్టూనే తిరిగింది. మెట్లు దిగుతాం, బస్సు దిగుతాం, నీళ్ళలోకి దిగుతాం. ఫోటో కూడా అలాగే దిగుతారని, లోపల ఎక్కడో అడుగున నేల ఉంటుందని, అక్కడ నిలబడి పైకి చూసేవాళ్ళ మొహాలే మనకి కనిపిస్తాయని నేను గట్టిగా నమ్మేదాన్ని. మా హాలు గోడకున్న ఫోటోలోకి అమ్మా నాన్నా నేనూ కలిసి దిగాం. నాన్నా నేనూ ఎలాగో ఎక్కి వచ్చేశాం. అమ్మ మాత్రం రాలేదు.

అమ్మ పోయేనాటికి నాకింకా ఊహ తెలియదు. ఆమె దిగింది ఆ ఒక్క ఫోటోనే. కుర్చీలో అమ్మ, ఒళ్ళో నేను. వెనక నాన్న కుర్చీ వీపుని స్టీరింగు పట్టుకున్నట్టు రెండు చేతులా పట్టుకుని నిలబడి ఉంటాడు. ఆయన బస్సు డ్రైవరు లెండి. నా ఒక కాలికి బూటు ఉంటుంది, రెండో కాలు ఉత్తది. పెద్దవాళ్ళిద్దరూ కెమెరా వైపు చూస్తుంటే నేను మాత్రం పక్కకి తిరిగి, ఫ్రేము అవతల ఉన్నదేదో చూసి నోరంతా తెరిచి నవ్వుతుంటాను.

రెండో బూటు ఏమైందని ఇంట్లోవాళ్ళ తల తినేదాన్ని. నాన్న "నన్నడుగుతావేం, మీ పిన్నినడుగు" అని పేపరు అడ్డం పెట్టుకునేవాడు. పిన్ని అమ్మకి సొంత చెల్లెలు. అమ్మ పోయాక నాన్నని చేసుకుని ఈ ఇంటికి వచ్చింది, నన్ను పెంచింది. ఇప్పటికీ నాన్నని బావా అనే పిలుస్తుంది. ఆ పిలుపు మార్చుకోమని ఎవరెంత చెప్పినా ఆమెకి నోరు తిరగలేదు.

"బూటు నీళ్ళలో పడిపోయింది" అనేది పిన్ని.

"ఏ నీళ్ళలో?"

"ఫోటో నీళ్ళలో."

"మరి నువ్వెందుకు దిగలేదు?"

"అందరూ దిగితే బట్టలెవరు చూస్తారే? నేను గట్టు మీదే ఉండిపోయాను."

అలా చెబుతూనే తడిగుడ్డ పిండి అద్దం తుడిచేది. నిద్ర లేవగానే ఆమె చేసే మొదటి పని అదే. పొయ్యి వెలిగించకముందే కుర్చీ ఎక్కి అద్దం మూలమూలలా తుడిచి, ఒక్క నిమిషం అక్క మొహంలోకి చూసి దిగేది. ఆ నిమిషంలో పిలిస్తే పలికేది కాదు. నేను కింద నిలబడి కుర్చీ కోడు పట్టుకునేదాన్ని. తడి అద్దం మీద కిటికీ వెలుగు పడి అమ్మ మొహం మెల్లగా కదిలినట్టుండేది. నిజంగానే అది నీళ్ళ కింది మొహం అనిపించేది.

అంత పిచ్చి ఉన్న పిల్ల చివరికి ఫోటోల పనిలోనే పడింది. నగర గ్రంథాలయం పై అంతస్తులో పాత ఫోటోలు భద్రపరిచే గది ఉంది, నేను పని చేసేది అక్కడ. కిటికీలకి మందపాటి తెరలుంటాయి. లోపల ఎప్పుడూ వాన పడబోయే సాయంత్రంలాంటి వెలుతురు. ఆ గదిలో కూర్చుంటే బయట ఏ వేళో తెలియదు. నాకది ఇష్టం.

ఫోటోలంటే ప్రేమే గానీ వాటిని తెచ్చే మనుషులంటే నాకు ముక్కు మీద కోపం. తాతగారి మొహం మీద బొటనవేలు ఆనించి "ఇదిగోనండీ" అని చాపుతారు. అంచులు పట్టుకోండి అంటే నా చేతులు శుభ్రంగానే ఉన్నాయంటారు. శుభ్రమైన చేతికీ చెమట ఉంటుంది కదా! ఇవాళ పడ్డ వేలిముద్ర ఇవాళ కనపడదు. మనం మర్చిపోయాక, అదే వేలు గుర్తుపట్టేంత స్పష్టంగా తేలుతుంది. మరొకాయన పెళ్ళి ఫోటోలన్నీ జిగురు పేజీల ఆల్బంలో అంటించి, పైన ప్లాస్టిక్ పరిచి, దాన్ని రేకు కప్పు కింద అటక మీద దాచాడు. దాచడం కాదండీ, వేయించారు అన్నాను. ఆయన ఇంకా నాతో మాట్లాడడు.

ఇంట్లో ఫోటో సంగతి నాకు తెలియక కాదు. ఫోటోకీ అద్దానికీ మధ్య అట్ట చట్రం ఉండాలి, గాలి ఆడాలి. మా ఫోటో నేరుగా అద్దానికే ఆనుకుని ఉంది. దాన్ని దించి సరిచేస్తానని ఎన్నిసార్లు అడిగానో. పిన్ని చెయ్యి పడనిచ్చేది కాదు. "దాని జోలికి రాకు. నేను బతికుండగా అది గోడ దిగదు" అనేది. తడిగుడ్డ పెట్టకని నేను కసురుకునేదాన్ని, ఆమె గుడ్డ పిండుకునేది.

చివరికి ఫోటోని గోడ దించింది నాన్న. రిటైరయ్యాక ఆయనకి ఇంట్లో ఏదో ఒకటి తోలాలి. హాలుకి రంగు వేస్తానని బయలుదేరి, పిన్ని కూరగాయలకి వెళ్ళిన సమయం చూసి ఫ్రేము తీసి కిటికీ పక్కన పెట్టాడు. పిన్ని తిరిగొచ్చి, గోడ మీద అద్దం మెరుపులో ఇన్నాళ్ళూ కనపడనిది ఎండ వెలుగులో చూసింది. నాకు ఫోను చేసి "ఒకసారి రా" అని మాత్రం అంది. ఆ గొంతు వినగానే పని వదిలేసి బయలుదేరాను.

వెళ్ళేసరికి ఫ్రేము ఒళ్ళో పెట్టుకుని నేల మీద కూర్చుని ఉంది. కూరగాయల సంచి గుమ్మంలోనే పడి ఉంది. చూశాను. రోజూ తుడిచిన తడి, బొట్టు బొట్టుగా కింది అంచులోంచి లోపలికి దిగింది. కింది సగం ఫోటో అద్దానికి అంటుకుపోయి నల్లగా మెరుస్తోంది. ఆ మెరుపు అంచున బూడిదరంగు బూజు సన్నటి పోగులుగా పైకి పాకుతోంది. అమ్మ చేతులు దాటింది, గొంతు దాటింది, చుబుకం దగ్గర ఉంది.

"ఇక మొహమే" అంది పిన్ని. "నేనే కదా రోజూ తుడిచింది. నా చేతులతో నేనే."

"నీకు తెలీదు కదా పిన్నీ."

"నువ్వు చెప్పావు కదా."

నాన్న బ్రష్షు పట్టుకుని గుమ్మంలో నిలబడి ఉన్నాడు. బ్రష్షులోంచి రంగు చుక్కలు ఆయన పాదం మీద పడుతున్నా చూసుకోవడం లేదు.

ముందు అద్దం మీది నుంచే మంచి కెమెరాతో కాపీ తీశాను. ఏం జరిగినా ఇది ఉంటుంది అని పిన్నికి చూపించాను. ఆమె తల తిప్పేసుకుంది.

"బొమ్మకి బొమ్మ నాకెందుకు? అక్క దిగింది ఇందులో. అందులో కాదు."

పొడిగా ఉండగా లాగితే బొమ్మంతా అద్దానికే ఉండిపోతుంది, చేతికి తెల్ల కాగితం వస్తుంది. మిగిలిన దారి ఒక్కటే, నీళ్ళు. ఈ తరహా నలుపు తెలుపు ఫోటో పుట్టిందే నీళ్ళలో. బొమ్మ ఉండేది కాగితంలో కాదు, దాని మీది సన్నటి పొరలో. ఆ పొర నీళ్ళు తాగి ఉబ్బితే అద్దాన్ని తనంతట తానే వదలొచ్చు. బూజు తిన్నచోట మాత్రం కరిగి నీళ్ళలో కలిసిపోవచ్చు. ఇదంతా పిన్నికి దాచకుండా చెప్పాను.

"మొహం పోతే?"

"పోవచ్చు."

"ఇలాగే వదిలేస్తే?"

"అప్పుడు పోవడం ఖాయం. కాకపోతే మెల్లగా."

చాలాసేపు ఫ్రేము అంచు నిమిరింది. తర్వాత "సరే, దించు" అంది. ఫోటో తీసేవాడితో కూడా మనం ఆ మాటే అంటాం.

సెలవు రోజున, గది ఖాళీగా ఉంటుందని, ఇద్దరం బస్సులో బయలుదేరాం. ఫ్రేముని తువ్వాల్లో చుట్టి పసిపిల్లని పట్టుకున్నట్టు పట్టుకుంది. బస్సు కుదిపినప్పుడల్లా చెయ్యి అడ్డం పెడుతోంది. దారిలో ఒక్కసారే నోరు విప్పింది.

"వెనక కాగితం మాత్రం ఊడదీయకు."

"ఎందుకు?"

"అది నేనే అంటించాను. గట్టిగా అంటించాను. అలాగే ఉండనీ."

"నీళ్ళలో వేశాక అదే ఊడుతుంది పిన్నీ. మైదా జిగురేగా? నీళ్ళ ముందు దాని గట్టితనం ఎంత!"

ఆమె మొహం పాలిపోయింది. అక్క మొహం గురించిన భయమే అనుకున్నాను. ఇంత చదువుకుని, ఇన్ని ఫోటోలు చూసి, ఎదురుగా ఉన్న మనిషి మొహం చదవడం నాకు రాలేదు.

ఫ్రేము విప్పితే వెనకంతా మందపాటి తెల్ల డ్రాయింగు కాగితం కనిపించింది. అంచులకి మాత్రమే జిగురు రాసి ఎంతో జాగ్రత్తగా అంటించింది. కుడివైపు ఒక పట్టీలా ఎత్తుగా ఉంది. అక్కడేదో మడత పెట్టారనిపించింది. ఆ ఎత్తే ఫోటోని అద్దానికేసి నొక్కి ఉంచింది. మామూలుగా అయితే "ఎవరు చేశారీ పని?" అని గదంతా వినపడేలా అరిచేదాన్ని. పిన్ని నా పక్కనే నిలబడి ఉంది కాబట్టి మింగేశాను.

ఫోటో మూల ఒక్క నీటిచుక్క వేసి చూశాను. పొర కరగలేదు, ఉబ్బింది. ఊపిరి పీల్చుకుని, వెడల్పాటి తొట్టిలో చల్లటి నీళ్ళు నింపి, అద్దం అడుక్కి, ఫోటో వీపు పైకి ఉండేలా మెల్లగా దించాను. నీళ్ళు దాని మీదుగా మూసుకున్నాయి.

ఇక చేసేదేమీ లేదు. నీళ్ళని తొందరపెట్టలేం. తెరల సందులోంచి ఒక వెలుగు చార తొట్టిలో పడి కప్పు మీద ఊగుతోంది. పిన్ని తొట్టి అంచున రెండు చేతులూ ఆనించి వంగి చూస్తోంది. నేను స్టూలు మీద కూర్చుని గోడకి తల ఆనించాను. కళ్ళు మూతపడ్డాయో లేదో తెలియదు. మెట్లు కనిపించాయి. నీళ్ళలోకి దిగే మెట్లు, ఒక్కొక్కటీ చల్లగా కాలికి తగులుతోంది. ఒక కాలికి బూటు ఉంది. అడుగున నేల ఉంది, చిన్నప్పుడు నేననుకున్నట్టే. అక్కడ కుర్చీ ఉంది, కుర్చీలో అమ్మ ఉంది. అమ్మ నన్ను చూడడం లేదు. తల పైకెత్తి గట్టు మీది మనిషిని చూస్తోంది. "నువ్వూ రావే" అంటోంది. ఎవరినని వెనక్కి తిరగబోయాను.

"ఊడుతోంది" అంది పిన్ని.

లేచి చూశాను. తెల్ల కాగితం అంచులు వదిలి, ముడతలు పడి, పైకి తేలుతోంది. రెండు చేతులతో దాన్ని పక్కకి తీశాను. తీసి అలాగే నిలబడిపోయాను. ఫోటో వీపు మీద, మడిచిన పట్టీలోంచి, నీళ్ళ కింద ఒక అమ్మాయి నా వైపు చూస్తోంది.

రెండు జడలు, మోచేతులు కనపడే గౌను, కొంచెం బెదురు కళ్ళు. ఆ ముఖం మీద మరక లేదు, పసుపు లేదు. ఇన్నేళ్ళూ వెలుగు సోకలేదు కదా. నిన్న తీసిన ఫోటో కూడా అంత తాజాగా ఉండదు. అంతలో మడత కింద జిగురు వదిలింది. పట్టీ తనంతట తానే లేచి, నీళ్ళలో నిదానంగా తిరిగి, బోర్లా పడి మిగతా ఫోటో పక్కన చేరింది. నా కళ్ళముందే ఆ అమ్మాయి ఫోటోలోకి దిగింది.

పిన్ని నోటి మీద చెయ్యి పెట్టుకుని వెనక్కి జరిగింది. నాకు అడగాలని ఉంది, కానీ ఆ క్షణం నా చేతులు అమ్మ మొహం కోసమే. అద్దం ఒక మూల వదులైంది. సన్నటి ప్లాస్టిక్ రేకుని ఫోటో కిందకి జరిపి, గుంజకుండా, నీళ్ళు ఎంత వదిలితే అంతే ముందుకి తోస్తూ పోయాను. కుర్చీ కోడు దగ్గర ఆగింది. ఆగాను. వదిలింది. చుబుకం దగ్గర మళ్ళీ ఆగింది. ఈసారి చాలాసేపు ఆగింది. పిన్ని నా భుజం పట్టుకుంది. తర్వాత ఏ చప్పుడూ లేకుండా మొత్తం వదిలేసింది.

తిప్పి బల్ల మీది అట్ట మీద వెల్లకిలా పరిచాను.

కుర్చీ కోడు, అమ్మ చీర అంచు అద్దానికే ఉండిపోయాయి. చుబుకం కింద వేలిగోరంత పోయింది. మొహం వచ్చింది. కళ్ళు, ముక్కు, కొంచెం వంకరగా నవ్వే పెదాలు, అన్నీ వచ్చాయి. పిన్ని "అక్కా" అంది. అంతే, స్టూలు మీద కూలబడి ఏడ్చింది. నేనూ ఏడ్చాను, ఫోటో మీద పడకుండా మొహం పక్కకి తిప్పుకుని.

కళ్ళు తుడుచుకుని చూస్తే అప్పుడు కనపడింది. మడత దగ్గర పొర పగిలి నిలువునా తెల్లటి గీత పడింది. గీతకి ఇటు అమ్మ, నాన్న, నేను. అటు పిన్ని. ఆమె చేతిలో నా రెండో బూటు. దాన్ని గిలకలా పైకెత్తి ఆడిస్తోంది. నేను నోరంతా తెరిచి నవ్వుతున్నది దాన్ని చూసి. పుట్టి బుద్ధెరిగిన దగ్గర్నుంచి ఆ ఫోటో చూస్తున్నాను. ఆ నవ్వు పిన్నిదని నాకు ఎవరూ చెప్పలేదు.

"దిగలేదన్నావు" అన్నాను.

పిన్ని ఫోటో వైపు చూడకుండానే మాట్లాడింది. "నువ్వు కెమెరా చూస్తే జడుసుకునేదానివి. బూటు లాగేసి ఆడిస్తుంటే ఊరుకున్నావు. నువ్వూ రావే, పక్కన నిలబడు అంది అక్క. నిలబడ్డాను."

"మరి ఎందుకు మడిచావు?"

"ఈ ఇంటికొచ్చిన రోజు గోడ మీద చూశాను. అక్క బతికుంది, కుర్చీలో కూర్చుంది. పక్కన నేను. ఆ చోటు ఎప్పుడు ఖాళీ అవుతుందా అని కాచుక్కూర్చున్నట్టు ఉన్నాను. వచ్చినవాళ్ళందరూ దాన్ని చూస్తారు, తర్వాత నన్ను చూస్తారు. కత్తిరిద్దామనుకున్నా, అక్క పిలిస్తే నిలబడిన ఫోటో కదా, చేతులు రాలేదు. మడిచి కాగితం అంటించేశాను. మీ నాన్న చూశాడు, ఏమీ అనలేదు."

అందుకే గోడ దిగనివ్వలేదు. అందుకే రోజూ ఆ నిమిషం. అద్దం తుడవడం అనుకున్నాం అందరం. అక్కకి ఏం చెప్పుకునేదో.

"కాచుక్కూర్చోలేదు పిన్నీ. బూటు పట్టుకుని నిలబడ్డావు. చూసేవాళ్ళకి కళ్ళుంటే బూటు కనిపిస్తుంది."

ఆమె అప్పుడు చూసింది. ముందు బూటుని, తర్వాత నా నవ్వుని, ఆఖర్న, భయం భయంగా, తనని. ఆ జడల అమ్మాయిని ఎక్కడో చూశానన్నట్టు చూసింది. ఆఖరికి అంది.

"ఆరాక మళ్ళీ మడిచెయ్యి."

"మడవకూడదు. ఒకసారి పగిలిన చోట మళ్ళీ మడిస్తే ముక్కైపోతుంది."

"మరి ఎన్నాళ్ళు మడవకూడదు?"

"ఎప్పుడూ."

"నిజంగానా, నువ్వే కల్పించావా?"

"నా ఉద్యోగం మీద ఒట్టు."

అద్దుడు కాగితాల మధ్య, బరువు కింద, ఫోటో సాపుగా ఆరింది. దానికి మెత్తటి తెల్ల కాగితంతో మడతల కవరు చేశాను. తడిగోడకి దూరంగా, మధ్య గదిలో బీరువాలో, చీకట్లో పడుకోబెట్టాలి. హాల్లో కొత్త రంగు గోడకి కాపీ పెట్టాం, నలుగురితో. అద్దానికీ దానికీ మధ్య అట్ట ఉంది. పిన్ని రోజూ తుడుస్తుంది, నా పోరు పడలేక పొడిగుడ్డతో. నాన్న దాని ముందు నిలబడి "ఇప్పుడు బండి నిండింది" అని, పేపరు అడ్డం పెట్టుకుని, ఆ పేజీ ఎంతకీ తిప్పలేదు.

అసలు ఫోటోని బీరువాలో పెట్టేముందు ఇంకో పని ఉంటుంది. ఫోటో వెనక, అంచు దగ్గర, మెత్తటి పెన్సిలుతో నొక్కకుండా ఎవరెవరున్నారో రాయాలి. లేకపోతే రేపు చూసేవాళ్ళకి అందరూ పరాయివాళ్ళే. బల్ల మీద బోర్లా పెట్టి పెన్సిలు పిన్నికి ఇచ్చాను. ఆమె వంగి, ఊపిరి బిగబట్టి, గుండ్రటి అక్షరాలతో రాసింది. అక్క. బావ. పాప. రాసి పెన్సిలు కింద పెట్టేసింది.

కొంచెంసేపు చూశాను. ఆమె కదల్లేదు. పెన్సిలు తీసుకుని ఆ మూడు మాటల కింద నేను రాశాను.

పిన్ని కూడా దిగింది.